మావారు సైకిల్‌కు కొత్త భాగాలు వేస్తూనే ఉన్నారు, నా చేతులు తిమ్మిరెక్కుతూనే ఉన్నాయి

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. వయసు 36. బ్యాంకు ఉద్యోగం. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, నాలుగో తరగతి చదివే పాప ఉంది. మూడేళ్ల క్రితం ఆరోగ్యం కోసం సైకిల్ తొక్కుతానని ఆమె అంటే భర్త సంబరపడి మౌంటెన్ బైక్ కొనిచ్చారు. ఆదివారాలు మహిళల బృందంతో గండిపేట చెరువు చుట్టుపక్కల మట్టి దారుల్లో, అప్పుడప్పుడు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో తొక్కుతారు. భర్త తొక్కరు. సైకిల్‌ను కారు వెనక కట్టి తీసుకువెళ్లి, ఆమె తిరిగి వచ్చేదాకా అక్కడే కూర్చుంటారు.

ఆయన ఇష్టమంతా ఆ సైకిల్ మీదే. శనివారం రాత్రి బాల్కనీలో పాత పేపర్లు పరిచి ఏదో ఒకటి విప్పుతారు, బిగిస్తారు. మొదట ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును మార్చి, గతుకులకు 120 మిల్లీమీటర్ల దాకా కుంగే గాలి ఫోర్కు వేశారు. తర్వాత 12 గేర్ల సెట్టు, 780 మిల్లీమీటర్ల వెడల్పు హ్యాండిల్, ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాయి. 42 వేల సైకిల్ మీద ఇంకో లక్షకు పైగా పెట్టారు. వచ్చే నెల పెళ్లిరోజుకు 68 వేల కార్బన్ చక్రాలు తెస్తానని దుకాణంలో 5 వేలు బయానా కూడా ఇచ్చేశారు.

"ప్రతి భాగం వేసినప్పుడూ ఎలా ఉంది అని అడుగుతారు. బాగుంది అంటాను. నిజానికి గంట తొక్కేసరికి నా చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. మెడ పట్టేస్తుంది. అనంతగిరిలో ఆగబోయి కాలు నేలకు అందక పక్కకు పడిపోయాను. మా బృందంలో ఒకావిడ తన చిన్న సైజు సైకిల్ 22 వేలకు ఇస్తానంటోంది. ఒకసారి తొక్కి చూస్తే ప్రాణం లేచి వచ్చింది. అది కొనుక్కుని ఆవిడ ఇంట్లోనే ఉంచుకుందామా అనిపిస్తోంది. ఆయనకు చెబితే మూడేళ్ల ప్రేమను కాదన్నట్టు అవుతుంది. ఎలా చెప్పాలి? లేదంటే సైకిలే మానేయనా?" ఇదీ ఆమె ప్రశ్న. తన ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు అనీ, భర్త 178 సెంటీమీటర్లు, 84 కిలోలు అనీ, సైకిల్ ఫ్రేమ్ 18 అంగుళాలు, చక్రాలు 29 అంగుళాలు అనీ కూడా రాశారు.

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో దాటేసిన విషయం. అనంతగిరిలో పడినప్పుడు తల రాయికి తగిలిందనీ, హెల్మెట్ ఉండబట్టి ఏమీ కాలేదనీ, ఇప్పటికీ అదే హెల్మెట్ పెట్టుకుంటున్నాననీ రాశారు. దాన్ని ఇవాళే పక్కన పెట్టేయండి. హెల్మెట్ లోపలి నురగ ఒక్క దెబ్బకు అణిగిపోయి మీ తలను కాపాడుతుంది. పైకి పగులు కనిపించకపోయినా రెండో దెబ్బకు అది పనికిరాదు. కొత్తది కొనేటప్పుడు లోపల ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) అనో సీపీఎస్‌సీ (అమెరికాది) అనో ముద్ర ఉందేమో చూడండి. మిగతావన్నీ నెల రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

ఇక సైకిల్ సంగతి. మీరు పంపిన కొలతలు చూశాక నాకు సందేహం మిగల్లేదు. మీ ఇబ్బందికి మూలం ఫ్రేమ్. 18 అంగుళాల ఫ్రేమ్ సాధారణంగా 170 సెంటీమీటర్లు, ఆ పైన ఎత్తున్నవారికి నప్పుతుంది. మీ ఎత్తుకు 15 లేదా 16 అంగుళాలది కావాలి. ఫ్రేమ్ పొడవైతే హ్యాండిల్ అందుకోవడానికి మీరు ముందుకు సాగాలి. అప్పుడు ఒంటి బరువు సీటు మీద నుంచి జారి అరచేతుల మీద పడుతుంది. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ వెళ్లే అల్నార్ నరం సరిగ్గా అరచేతి అంచునే ఉంటుంది. గంటసేపు దాని మీద బరువు మోపితే ఆ రెండు వేళ్లే తిమ్మిరెక్కుతాయి. మెడ పట్టడానికీ ఇదే కారణం, సాగి కూర్చుని దారి చూడాలంటే తల ఎత్తక తప్పదు. దిగాక అరగంటలో తిమ్మిరి పోతుంటే సైకిల్ సరిచేస్తే సరిపోతుంది. రోజుల తరబడి ఉంటున్నా, పట్టు తగ్గి గ్లాసు జారుతున్నా వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

ఈ మూడేళ్లలో వచ్చిన ఏ భాగమూ ఆ పొడవును తగ్గించలేదు. వెడల్పు హ్యాండిల్ వల్ల చేతులు ఇంకా విప్పారి, మీరు ఇంకా ముందుకు వంగారు. కార్బన్ చక్రాలు కొన్ని వందల గ్రాముల బరువు తగ్గిస్తాయి, ఎక్కుడులో కాస్త చురుకు వస్తుంది. మీ వేళ్లకు మాత్రం వాటి వల్ల ఒరిగేదేమీ లేదు.

ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు నాకు తట్టిన సంగతి ఒకటి ఉంది, తప్పైతే మీరే దిద్దుకోండి. 18 అంగుళాల ఫ్రేమ్, 29 అంగుళాల చక్రాలు, 780 హ్యాండిల్, ఇవన్నీ 178 సెంటీమీటర్ల మనిషికి అచ్చంగా సరిపోయే కొలతలు. ఫోర్కులో గాలి ఆయనే నింపి, ఆయనే ఎక్కి కూర్చుని చూస్తారని కూడా రాశారు. అంటే అది 84 కిలోలకు సర్దిన ఫోర్కు. మీరు తొక్కితే దాదాపు కదలదు, రాళ్ల దెబ్బ నేరుగా చేతులకు వస్తుంది. మీవారు మూడేళ్లుగా ప్రేమతో తయారుచేస్తున్నది తనకు సరిపోయే సైకిల్‌ను. ఆయన కావాలని చేశారని నేను అనడం లేదు. కొలిచి చూసుకోవడానికి ఆయనకు ఉన్నది తన ఒళ్లే, మీరు ప్రతిసారీ బాగుంది అన్నారు, ఆయన నమ్మారు. ఈ సంగతి మీ ఇద్దరికీ తెలిస్తే దారులు చాలానే తెరుచుకుంటాయి.

విడిభాగాలు మార్చడాన్ని నేను తక్కువ చేయను. మౌంటెన్ బైక్ పుట్టిందే అలా. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు దశాబ్దాల నాటి బరువైన పాత సైకిళ్లను కొండెక్కించి మట్టి దారిలో దిగేవారు. అక్కడి ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర 1976లో మొదలైన రీప్యాక్ పందెంలో, వెనక్కి తొక్కితే పడే పాతకాలపు బ్రేకు వేడెక్కి చక్రం మధ్య హబ్బులోని గ్రీజు పొగైపోయేది. అందుకని మెరుగైన బ్రేకులు వేశారు. మళ్లీ ఎక్కడానికి కష్టమై గేర్లు తగిలించారు. ఎన్ని మార్చినా పాత ఫ్రేములు ఆ దెబ్బలకు ఆగకపోవడంతో 1977లో వాళ్లలో ఒకరైన జో బ్రీజ్ ఆ పని కోసమే కొత్త ఫ్రేమ్ కట్టారు. తొక్కేవాళ్లకు ఎక్కడ ఇబ్బంది కలిగిందో అక్కడే వాళ్లు చెయ్యి పెట్టారు, చివరికి ఫ్రేమ్ దాకా వెళ్లారు. మీ ఇంట్లో ఆ ఇబ్బంది మాట ఇంకా బయటికే రాలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

దాదాపు ఖర్చు లేనిదానితో మొదలుపెట్టండి, మిగతా నిర్ణయం ఏదైనా సరే. ఫోర్కు కాలు మీద, లేదా దాని పుస్తకంలో, బరువును బట్టి ఎంత గాలి నింపాలో పట్టిక ఉంటుంది. మీ బరువుకు తగినట్టు షాక్ పంపుతో (ఫోర్కులో గాలి నింపే చిన్న పంపు) సర్దమనండి. హెల్మెట్, నీళ్ల బ్యాగుతో సహా మీరు ఎక్కి నిలబడినప్పుడు ఫోర్కు 24 నుంచి 30 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. దాని మీదుండే రబ్బరు వలయాన్ని కిందికి జరిపి, ఎక్కి, మెల్లగా దిగి, స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది. టైర్లలో గాలి ఒత్తిడి 35 పీఎస్ఐ ఉంచుతారని రాశారు, మీ బరువుకు అది ఎక్కువ. 25 దగ్గర మొదలుపెట్టి, టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠానికి దిగువకు పోకుండా ఒక్కో అంకె మార్చి చూడండి. బ్రేకు పిడి మీ వేలికి దూరంగా ఉంటే దాని దగ్గరుండే చిన్న మరను అలెన్ కీతో తిప్పితే దగ్గరవుతుంది. హ్యాండిల్‌ను వెంటనే కోయించకండి. ముందు గ్రిప్పులు, బ్రేకులు రెండు వైపులా సమానంగా లోపలికి జరిపి రెండు వారాలు తొక్కండి. 700, 720 మధ్య ఎక్కడ సుఖంగా ఉందో తేలాక అక్కడ కోయించుకోవచ్చు. కోసింది మళ్లీ అతకదు కదా. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క, అంటే స్టెమ్, ఇప్పుడు 70 మిల్లీమీటర్లు ఉంటే 40 లేదా 50ది వేయించండి. కొనేముందు హ్యాండిల్ మధ్యభాగం మందం 31.8 మిల్లీమీటర్లా, 35 మిల్లీమీటర్లా అన్నది చూసుకోవాలి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

వీటితో మీ తిమ్మిరి కొంత తగ్గవచ్చు. హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు దగ్గరవుతుంది. అయినా ఆగినప్పుడు కాలు నేలకు అందని సమస్య అలాగే ఉంటుంది, ఫ్రేమ్ పైగొట్టం ఎత్తును ఏ స్టెమ్మూ తగ్గించదు. చెరువు పక్క చదును దారులకు ఇది చాలు. అనంతగిరి రాళ్ల దారిలో, అదీ వాలులో ఆగాల్సి వచ్చే చోట, మీకు ధైర్యం రాదు. కొందరు సీటును బాగా ముందుకు జరిపి పొడవు తగ్గించుకోమని చెబుతారు. కాస్త జరపవచ్చు, ఎక్కువ జరిపితే మోకాళ్ల మీద భారం పడుతుంది.

రెండో దారి, చిన్న ఫ్రేమ్ ఒక్కటే కొని ఆయన వేసిన భాగాలన్నీ దానికి మార్చడం. మీవారికి ఇది పండగలాంటి పని. అదృష్టవశాత్తూ చాలా భాగాలు పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తాయి. ఫోర్కు పైగొట్టం పొడవెక్కువైతే కోయవచ్చు, బ్రేకు ఆయిల్ గొట్టాలను, చైనును కురచ చేయవచ్చు. చిన్నదాని నుంచి పెద్దదానికైతే ఇవేవీ కుదరవు. కానీ కొనేముందు సరిచూసుకోవాల్సినవి ఉన్నాయి. ఫోర్కు పైగొట్టం నిటారుదా, కిందికి వచ్చేసరికి లావయ్యేదా? వెనక ఇరుసు వెడల్పు 135, 142, 148 మిల్లీమీటర్లలో ఏది? సీటు గొట్టం 27.2, 30.9, 31.6లో ఏది? క్రాంకు (పెడళ్లు తిరిగే ఇరుసు) బేరింగులు మరతో బిగించేవా, అదిమి కూర్చోబెట్టేవా? అన్నిటికన్నా ముఖ్యమైనది చక్రం సైజు. చిన్న ఫ్రేములు చాలావాటికి 27.5 అంగుళాల చక్రాలే ఉంటాయి, మీ 29 చక్రాలు వాటిలో పట్టవు. ఫోర్కు కూడా 29 కోసం చేసినదే, అది వేస్తే ముందుభాగం లేచిపోతుంది. కాబట్టి 29 చక్రాలకు చేసిన చిన్న ఫ్రేమే వెతకాలి. విడిగా ఫ్రేములు మన దగ్గర తక్కువ దొరుకుతాయి, నెలలు పట్టవచ్చు. ఈ లోపు 68 వేల 29 అంగుళాల చక్రాలు ఇంటికి వచ్చాయంటే మీ చేతులు కట్టేసినట్టే. ఏ దారి ఎంచుకున్నా ఆ చక్రాల కొనుగోలు మాత్రం ఇప్పుడు ఆపడం మంచిది.

మూడోది మీ స్నేహితురాలి సైకిల్. తొక్కి చూశారు, ఒళ్లు ఒప్పుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇదే, దాచిపెట్టకుండా కొంటేనే సుమా. 15 అంగుళాల ఫ్రేమ్, 27.5 చక్రాలు, 9 గేర్లు, ఆయిల్ డిస్క్ బ్రేకులు, మీరు వెళ్లే దారులకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. ఫ్రేములో ముందు గొట్టం దగ్గర, పెడళ్ల దగ్గర అతుకుల చుట్టూ వెంట్రుకంత చీలిక అయినా ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. ఫోర్కు మెరిసే గొట్టాల మీద గోరుకు తగిలే గీతలు ఉండకూడదు. చైను అరుగుదల కొలిచే చిన్న పరికరం ఏ దుకాణంలోనైనా ఉంటుంది. 9 గేర్ల చైను 0.75 శాతం సాగితే మార్చాలి. ఆ స్థితి దాటి చాలాకాలం తొక్కి ఉంటే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగి ఉంటాయి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. పెడళ్ల కింద ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు, అసలు బిల్లులోని నంబరు ఒకటేనా అన్నది చూడండి. కొత్తదానితో ధర పోల్చాలంటే తాజా ధర అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద, వాటి భాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్లు పట్టుకుని బేరమాడితే మీకే నష్టం.

ఆవిడ ఇంట్లో రహస్యంగా ఉంచుకోవడం అనే ఆలోచన గురించి. మొదటి ఆదివారం హాయిగానే ఉంటుంది. అయితే మిమ్మల్ని దింపేది ఆయన, తిరిగి వచ్చేదాకా కూర్చునేది ఆయన. మీరు ఏ సైకిల్ మీద తిరిగి వస్తారు? బృందంలో పదిమందికి తెలిసిన సంగతి ఆయనకు ఒక్కరికే తెలియకుండా ఉండాలంటే వాళ్లందరినీ మీ అబద్ధంలో కలుపుకోవాలి. ఎప్పుడో ఒకరోజు ఎవరో నోరు జారతారు. సైకిల్ నచ్చలేదన్న మాటకు నొచ్చుకునే మనిషి, తనను బయట పెట్టి అందరూ మాట్లాడుకున్నారని తెలిస్తే ఎంత కుంగిపోతారో ఆలోచించండి. మొదటిది నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. రెండోది ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను.

మానేయడం కూడా ఒక దారే, కాదనను. కానీ ఆదివారం ఉదయం ఆ రెండు గంటలు మీకు ఎంత అవసరమో ఉత్తరంలో ప్రతి పంక్తీ చెబుతోంది. సరిపడని ఫ్రేమ్ కోసం దాన్ని వదులుకోవద్దని నా కోరిక.

మరి స్నేహితురాలి సైకిల్ కొంటే ఇంట్లో ఉన్నది ఏమవుతుంది? అమ్మితే లక్షన్నరలో సగం కూడా రాదు. విడిభాగాలకు పెట్టిన డబ్బును పాత సైకిల్ కొనేవాళ్లు లెక్కలోకి తీసుకోరు. అటక మీద ఆయన దాచిన అసలు భాగాలను తిరిగి బిగించి సైకిల్‌ను ఒకరికి, మంచి భాగాలను విడిగా ఇంకొకరికి అమ్మితే కొంత నయం. ఇంకో మార్గం ఉంది, నా మనసు అటే మొగ్గుతోంది. అది ఆయన కొలతల సైకిల్. ఆయననే తొక్కమనండి. కారు దగ్గర రెండు గంటలు కూర్చునే మనిషికి తొక్కాలని ఎందుకు అనిపించలేదో మీకు తెలిసి ఉండాలి. మోకాలి నొప్పా, మహిళల బృందంలో తాను ఎందుకన్న మొహమాటమా, సైకిల్ ఒక్కటే ఉండటమా? ఉత్తరంలో కారణం లేదు. ఒకసారి అడగండి. తొక్కనంటే బలవంతం వద్దు. ఆయనకు విప్పి బిగించడంలోనే ఆనందం ఉంటే అదీ మంచిదే, మీ చిన్న సైకిల్‌కు కూడా చేయాల్సిన పని చాలా ఉంటుంది.

ఎలా చెప్పాలని అడిగారు. శనివారం రాత్రి ఆయన పేపర్లు పరిచి కూర్చున్నప్పుడు మాత్రం వద్దు, చేతిలో ఉన్న పని మీద తీర్పు చెప్పినట్టు వినిపిస్తుంది. ఆదివారం తొక్కి దిగిన వెంటనే, వేళ్లు తిమ్మిరిగా ఉన్నప్పుడే, చెయ్యి చూపించి చెప్పండి. "ఇన్నాళ్లూ మీరు బాధపడతారని బాగుందన్నాను. గంట దాటితే ఈ రెండు వేళ్లు మొద్దుబారిపోతాయి. నా కొలతలు తీసి, ఎక్కడ తేడా ఉందో మీరే చూడండి." ఇంతే చాలు. ఏ భాగాన్నీ పేరు పెట్టి తప్పు పట్టకండి, డబ్బు ప్రస్తావన ఆ రోజు తేవద్దు. ప్రతి ఫ్రేముకూ తయారీదారు ఇచ్చే కొలతల పట్టిక ఉంటుంది. మీ సైకిల్‌దీ, స్నేహితురాలి సైకిల్‌దీ పక్కపక్కన పెట్టుకుని పెడళ్ల మధ్య నుంచి ముందు గొట్టం దాకా ఎంత పొడవుందో, పైగొట్టం నేల నుంచి ఎంత ఎత్తుందో చూస్తే ఇంజినీరుకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. లెక్క ఆయన చేతులతో ఆయనే వేసుకున్నప్పుడు, మీరు తనను కాదన్నారని కాకుండా తనకు ఒక కొత్త పని దొరికిందని అనుకునే అవకాశం ఎక్కువ.

అయినా నొచ్చుకోవచ్చు. ఒకటి రెండు శనివారాలు బాల్కనీలోకి వెళ్లకపోవచ్చు. ఆ మౌనం చూడలేక, "అబ్బే, ఏదో అన్నాను, బాగానే ఉందిలెండి" అని మాత్రం వెనక్కి తీసుకోకండి. మూడేళ్లుగా ఆయన మీ ఆ మాట మీదే సైకిల్ కడుతూ వచ్చారు. ఈసారి నిజం మీద కట్టే వీలు ఆయనకు ఇవ్వండి.

పెళ్లిరోజు దగ్గర పడకముందే, చక్రాల ఆర్డరు ఖరారు కాకముందే ఈ మాట జరగాలి. ఆర్డరు వెళ్లిపోతే దుకాణదారు వెనక్కి తీసుకోకపోవచ్చు. ఇంకా వెళ్లకపోతే ఆ 5 వేల బయానాను వేరే సరుకు కింద సర్దమని అడగవచ్చు, మామూలుగా ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే మొదట మీ హెల్మెట్, తర్వాత పొట్టి స్టెమ్, మిగిలిన దాంట్లో మీ చేతికి సరిపడే మెత్తటి గ్రిప్పులు తీసుకోండి. గ్రిప్పులు మాత్రం ఆయనను ఎంచనివ్వకండి, దుకాణంలో మీరే పట్టుకుని చూసి తీసుకోండి.